చక్రవర్తి చెయ్యి కడగక ముందు

పింగ్లాన్ నగరపు ఇళ్ళ కప్పుల మీద ఒక యువకుడు పరుగెత్తుతున్నాడు. కింద వీధిలో ఈటెలు పట్టుకున్న భటులు అతన్ని తరుముతున్నారు. వింత ఏమిటంటే వాళ్ళలో ఒక్కడు కూడా కేక వెయ్యడం లేదు. అందరి కాళ్ళకీ మెత్తటి ఉన్ని జోళ్ళు. ఒక మహానగరం నడివీధిలో తరిమేవాళ్ళకీ పారిపోయేవాడికీ మధ్య పెంకుల చిరుచప్పుడు తప్ప మరో శబ్దం లేదు.

పారిపోయేవాడు ఉదయార్కుడు, మణిశిల రాజ్యపు యువరాజు. చూపు పోయిన తండ్రి కోసం మంచుకొండల్లో పూసే హిమపద్మాన్ని తేవాలని బయలుదేరి, స్వర్ణచీన సామ్రాజ్యం మీదుగా ఉత్తరానికి పోతున్నాడు. అతనికి తోడుగా వచ్చినవాడు ఒక్కడే, గుర్రాల గవరయ్య. ఉదయార్కుణ్ణి పసితనంలో మొదటిసారి గుర్రం ఎక్కించింది అతనే, పడితే లేవదీసిందీ అతనే. ఆ గవరయ్యను ఇప్పుడు పెడరెక్కలు విరిచి కట్టి రాజప్రాసాదానికి లాక్కుపోయారు.

గవరయ్య చేసిన నేరం ఇది. ఆ ఉదయం సత్రంలో కిటికీ రెక్క తోసి, దారి పొడుగునా ఏరుకున్న చీనా మాటలను కూడబలుక్కుని, సత్రమంతా వినిపించేలా "పొద్దు పొడిచేసింది బాబూ, లెగండి!" అన్నాడు. సత్రం యజమాని చేతిలో టీ కుండ జారి పగిలింది. భటులు వచ్చిపడ్డారు. కట్లు బిగిస్తూంటే కూడా గవరయ్యకు సంగతి అంతుపట్టలేదు.

"ఏటి బాబూ, సరిగా పలకలేదా నేను? మళ్ళీ అనమంటారా?" అన్నాడు.

యజమాని అతని నోరు మూశాడు. ఉదయార్కుడు కత్తి దూసేలోగా ఇంకో దండు తలుపులో నిలబడింది. కిటికీ ఒక్కటే దారి అయింది.

ఇప్పుడు ఒక పాత ఇంటి కప్పు మీద అతని కాలు పడింది. పెంకులు విరిగాయి. ఉదయార్కుడు దూలాల మధ్యగా చీకట్లోకి జారి, ఊరగాయ జాడీల వరుస మధ్య వచ్చిపడ్డాడు.

"మెల్లగా లే," అంది ఒక గొంతు. "ఆ పక్క జాడీలో రేగుపళ్ళు ఊరుతున్నాయి. అవి నీకంటే వయసులో పెద్దవి."

గోడవార దీపం పైకి లేచింది. పట్టుకున్నవాడు ఒక ముసలివాడు, నిలబడితే ఉదయార్కుడి నడుము దాకా వస్తాడు. ముఖమంతా ముడతలు. ముక్కు మీద మాత్రం వేలిముద్రంత మేర చర్మం పాలిపోయి ఉంది, ఏళ్ళ తరబడి అక్కడ రంగు పూసి పూసి తనరంగు మరిచిపోయినట్టు.

పింగ్లాన్‌లో అడుగుపెట్టిన దగ్గరనుంచి తనను వేధిస్తున్నది ఏమిటో ఉదయార్కుడికి అప్పుడు తట్టింది. ఈ నగరంలో అతను చూసిన మొదటి ముసలి ముఖం ఇదే.

"ఎవరు తాతా నువ్వు? ఈ ఊళ్ళో ముసలివాళ్ళంతా ఏమయ్యారు? పొద్దు పొడిచిందంటే నేరం ఏమిటి?"

"ఒక్కొక్కటీ అడుగు, నాయనా. నోటినిండా కుక్కుకుంటే ఏదీ దిగదు." ముసలివాడు జాడీ మూత మీద కూర్చున్నాడు. "నా పేరు తావ్‌బాన్. మూడు తరాల చక్రవర్తులకు విదూషకుణ్ణి. ఇప్పుడు ఈ జాడీలకు."

ఆ ఊరి కథ అతను చెప్పుకొచ్చాడు. షెన్‌ఫూ చక్రవర్తి మంచివాడే, కాని తన తలలో ఒక తెల్లవెంట్రుకను చూసి భయపడ్డాడు. ఆ భయం వాసన పట్టి ఎక్కడినుంచో ఒక మాంత్రికుడు వచ్చాడు. పేరు హేయాన్. అంటే నల్లపొగ. కాలాన్ని ఎవరూ తలవకపోతే అది దారి తప్పి ఈ రాజ్యంలోకి రాకుండా పోతుందని చక్రవర్తి చెవిలో ఊదాడు. మర్నాడే ఆజ్ఞ వెలువడింది. నిన్న, రేపు, పొద్దు, మాపు అనే మాటలు నిషేధం. నీటిగడియారాలు పగలగొట్టారు. కోళ్ళ ముక్కులకు దారాలు కట్టారు. అడుగుల చప్పుడు లెక్కకు వస్తుందని భటులకు ఉన్ని జోళ్ళు తొడిగి, కేకలు మానిపించారు. నగారా బురుజు మీది పెద్ద నగారాకు పరుపులు చుట్టేశారు. ముసలివాళ్ళు ప్రభువు కంటపడకూడదు కనుక నేలమాళిగల్లో బతుకుతున్నారు.

"ఆ నగారా పోవడంతో జనానికి సగం ప్రాణం పోయింది," అన్నాడు తావ్‌బాన్. "మధ్యాహ్నం నగారా మోగితే రంపాన్ని దుంగలోనే వదిలేసి మూట విప్పుకు కూర్చునే జాతి మాది. ఎత్తిన సుత్తిని కొట్టకుండా దించేస్తాం. ఇప్పుడు ఎప్పుడాపాలో తెలియక తాపీపనివాళ్ళు గోడ మీదే నిద్రపోతున్నారు."

"మరి మా గవరయ్య?"

ముసలివాడు దీపాన్ని పక్కన పెట్టాడు.

"కోటలో పనులన్నీ ప్రభువు భోజనానికి ముడిపెట్టారు. ఆయన అన్నం తినే పుడకలు పట్టుకుంటే ఒక పని, చెయ్యి కడిగితే ఒక పని. మరణశిక్షలన్నీ చెయ్యి కడిగాక. ఆయన వేళ్ళకు నీళ్ళు తగలగానే కిటికీలో ఎర్రజెండా లేస్తుంది. కింద పెరట్లో కత్తి దిగుతుంది."

ఉదయార్కుడు లేచి నిలబడ్డాడు. "వెళ్ళి ఆ చక్రవర్తికి ఇది అన్యాయమని చెబుతాను."

"అలా చెప్పిన మంత్రులు చాలామందే ఉన్నారు. వాళ్ళ టోపీలు మా దగ్గర ఉన్నాయి, తలలు లేవు. కూర్చో." తావ్‌బాన్ ఒక చిన్న గిన్నెలో బియ్యప్పిండి కలపడం మొదలుపెట్టాడు. "ఈ సామ్రాజ్యంలో చక్రవర్తి ముందు ఏ మాటైనా అనగలిగేది ఒక్క విదూషకుడే. ముక్కు మీద ఈ తెల్లమచ్చ ఉన్నంతసేపు వాడి మాటకు శిక్ష లేదు. ద్వారపాలకుడు ఆపకూడదు. సేనాపతి కత్తి ఎత్తకూడదు. మచ్చ చెరిగిందా, తరువాతి మాటకు తల బాకీ. నేను పోదామంటే ఈ ముడతలు అడ్డం. నువ్వు పడుచువాడివి, కప్పుల మీంచి బాగానే పడతావు."

"నేనా? విదూషకుడిగానా?"

"యువరాజు కంటే గొప్ప పదవే. భయపడకు, అలవాటవుతుంది. ఏదీ, ఆకాశం పచ్చగా ఉందంటాను. నువ్వేమంటావు?"

"కాదు, నీలంగా ఉంది."

ముసలివాడి చేతిలో గరిటె ఉదయార్కుడి మోకాటి చిప్ప మీద ఠంగుమంది.

"విదూషకుడి నోట 'కాదు' రాకూడదు. రాజు చెవిలో ఆ మాటకు ఒక తలుపుంది, వినపడగానే మూసుకుంటుంది. 'చిత్తం' అను. అని, రాజు ఆగినచోట ఆగకుండా ఇంకో అడుగు వెయ్యి. ఆకాశం పచ్చగా ఉంది, చిత్తం, మరి గొర్రెలను ఎప్పుడు తోలుదాం పైకి? అలాగ."

మణిశిల కోటలో పుట్టినప్పటినుంచి అందరూ తనకు చిత్తం అన్నవాళ్ళే. ఎదటివాళ్ళకు ఆ మాట అనడం ఎలాగో ఉదయార్కుడికి తెలియదు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. గరిటె మళ్ళీ లేచింది.

"చిత్తం," అన్నాడు గబుక్కున.

"ఎముక విరిగినట్టు అన్నావు. అయినా నయమే."

"నిజంగా ఇది పనిచేస్తుందా తాతా? ఎప్పుడైనా చేసిందా?"

తావ్‌బాన్ కళ్ళు మెరిశాయి. "నా గురువు ఒక ఆడమనిషి. ఈ ప్రభువు తాతగారు ఎడారికి ఆవలి రాజు మీద యుద్ధానికి పోతానన్నాడు. మంత్రులంతా వద్దన్నారు, చెరసాల నిండింది. మా గురువమ్మ చిత్తం అంది. పొద్దున్నే ప్రభువు సైన్యాన్ని చూద్దామని మైదానానికి వస్తే అంతా ఊయలలు. ఒక్కో ఊయలలో ఒక్కో పసివాడు, పక్కన ఒక్కో చిన్న కర్రకత్తి. 'ఇదేమిటే?' అన్నాడు. 'ఎడారి దాటేసరికి మీ సైనికులు ముసలివాళ్ళవుతారు ప్రభూ, యుద్ధం చెయ్యాల్సింది వీళ్ళే కదా, ఇప్పుడే చేర్చుకున్నాను, జీతం పాలు' అంది. ఒకడు ప్రభువును చూసి ఏడుపు లంకించుకున్నాడు. ఆయన వాణ్ణి ఎత్తుకున్నాడు. యుద్ధం లేదు."

ఉదయార్కుడు ఆ మైదానాన్ని మనసులో చూస్తూ తన ముక్కు మీద చల్లగా మచ్చ పడడం కూడా గమనించలేదు.

"నేను నగారా బురుజు దగ్గర ఉంటాను," అన్నాడు తావ్‌బాన్. "పరుపుల ముడులు అడుగునుంచి వేశారు, పొట్టివాడే దూరగలడు. కాని ప్రభువు అనుమతి లేకుండా దెబ్బ వేస్తే బురుజు కాపలావాళ్ళందరి తలలూ పోతాయి. ఆయన ఊఁ అంటే ఆ జెండా కిటికీలోంచి నాకు కనిపించేలా నీ తెల్ల చేతిగుడ్డ ఊపు. నగారా నేను చూసుకుంటాను. కత్తి ఇక్కడే వదిలి పో, ఆయన భోజనానికి కూర్చునే ఉంటాడు."

*

ఆ ప్రాసాదం తొమ్మిది అంతస్తుల పచ్చపెంకుల కప్పులతో, ఒకదాని మీద ఒకటి వాలిన పక్షుల గుంపులా ఉంది. స్తంభాలకు ఎర్రలక్క పూసి దాని మీద బంగారు నాగులను పొదిగారు. ఒక్కో నాగు కంట్లో కోడిగుడ్డంత ముత్యం. నేల మీద పరిచిన నల్లరాయి ఎంత నున్నగా ఉందంటే, నడిచేవాడి కింద ఇంకొకడు తలకిందులుగా నడుస్తున్నట్టుంది. కాని ఎండ ఎంత మేర జరిగిందో తెలియకుండా కిటికీలకు చీనాంబరపు తెరలు దించారు. పెరటివైపు ఒక్క కిటికీ మాత్రం తెరిచి ఉంది, జెండా కోసం. చుక్కలు లెక్కకు వస్తాయని జలయంత్రాలు ఆపేశారు. అద్దాలన్నిటికీ నల్లబట్ట కప్పారు.

సభామండపంలో పచ్చలపీఠం మీద షెన్‌ఫూ చక్రవర్తి భోజనానికి కూర్చున్నాడు. జుట్టు కాకిరెక్కలా నల్లగా ఉంది. ముఖం మీద వరిపిండిపూత ఎంత మందంగా ఉందంటే నవ్వితే రాలుతుందేమో అనిపించింది. ఆయన వెనక నల్ల ఈకల విసనకర్రతో హేయాన్ నిలబడి ఉన్నాడు. ముఖం చూస్తే పెళ్ళికొడుకు వయసు, కళ్ళు చూస్తే పాడుబావి.

తెరిచిన కిటికీ పక్కన ఎర్రజెండావాడు ప్రభువు చేతుల మీదే కళ్ళు పెట్టి నిలబడ్డాడు. ఆ కిటికీలోంచి కింద పెరడు కనిపిస్తోంది. అక్కడ రాతి దిమ్మ ముందు మోకాళ్ళ మీద గవరయ్య.

ఉదయార్కుడు పిల్లిమొగ్గలు వేసుకుంటూ మండపం మధ్యకు వచ్చి, ఆఖరి మొగ్గ తప్పి, వెల్లకిలా పడ్డాడు. అది అనుకుని చేసింది కాదు. సభలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవడు వీడు?" అన్నాడు చక్రవర్తి.

"తావ్‌బాన్ శిష్యుణ్ణి, ప్రభూ."

చక్రవర్తి ముఖంలో పిండి కింద ఏదో కదిలింది. "తావ్‌బానా! ఎలా ఉన్నాడు ఆ ముస..." అని ఆగిపోయాడు. సభ తలలు దించుకుంది. ఆయన గొంతు గట్టి చేసుకున్నాడు. "ఇక్కడ కాలం లేదు. తెలుసుగా?"

"కాదు ప్రభూ, కాలం..."

పుడకలు గాలిలో ఆగాయి. ఆ మండపంలో విదూషకుడి నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. హేయాన్ విసనకర్ర కూడా ఆగింది. యువరాజులకు మాత్రమే సాధ్యమయ్యే పొరపాటు అది.

ఉదయార్కుడు అమాంతం మోకాలు పట్టుకుని ఎగిరాడు. "అబ్బా! అబ్బా!" అంటూ ఒంటికాలి మీద మండపమంతా చుట్టాడు. "మన్నించండి! నాలో ఒక 'కాదు' గాడున్నాడు, మహా మొండివాడు. వాడు బయటికి వచ్చినప్పుడల్లా మా గురువుగారు గరిటెతో ఇక్కడ కొడతారు. ఆయన లేకపోయినా మోకాలు మరిచిపోలేదు!"

చక్రవర్తి పెదవి ఒక పక్కకు లేచింది. కొంచెం పిండి రాలింది.

"చిత్తం, కాలం లేదు," అన్నాడు ఉదయార్కుడు. ఈసారి ఎముక విరగలేదు. "చాలా గొప్ప ఆజ్ఞ. కాని సగమే అమలవుతోంది. కాలదొంగ ఒకడు మీ కోటలోనే తిరుగుతున్నాడు."

"ఎవడు?" అంటూ హేయాన్ ముందుకు వంగాడు.

"వంటవాడు!"

బొద్దుగా ఉన్న ఒక పడుచు వంటవాణ్ణి పట్టుకొచ్చారు. వాడు గడగడలాడుతున్నాడు.

"ఎసరు మరిగిందని వీడికెలా తెలిసింది? అన్నం దించమని వీడితో ఎవరన్నారు? 'ముందు' అనీ 'తరువాత' అనీ మీరు నిషేధించిన వాటిని వీడు గరిటెలో దాచుకున్నాడు. ఆ ముక్కు చూడండి ప్రభూ, అడుగంటకముందే కనిపెడుతుంది. అది ముక్కా, నీటిగడియారమా?"

చక్రవర్తి పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆయనకే కొత్తగా వినిపించినట్టుంది. "నిజమే! ఏం చేద్దాం వీణ్ణి?"

"పాపం, వదిలెయ్యండి. పొయ్యి ఇక్కడికే తెప్పించండి. కుండ ఎక్కించాక దించే పని ఎవరికీ వద్దు."

"అలాగే కానీ!"

కుంపటి వచ్చింది. కుండ ఎక్కింది. ముందుగా ప్రభువు ముందు గిన్నెలో కడిగిన పచ్చిబియ్యం పెట్టారు. ఆయన పుడకలతో నాలుగు గింజలు ఎత్తి నమిలాడు. సభంతా ఆ కరకర వింది.

"ఇది పచ్చిగా ఉంది."

"చిత్తం. అన్నమూ ఇదే, ప్రభూ. మధ్యలో ఉన్నదే నిషేధం."

కుండలో ఎసరు పొంగింది. మెతుకు విచ్చుకుంది. కమ్మటి వాసన మండపమంతా వ్యాపించింది. చక్రవర్తి మెడ చాపాడు. "దించవచ్చునేమో?" అన్నాడు. వంటవాడు చేతులు కట్టుకుని నేల చూశాడు. ఎవరూ కదలలేదు. మెతుకు చితికి గంజిలో కలిసిపోయింది. ఆ తరువాత అడుగునుంచి మాడువాసన సన్నగా మొదలైంది. వంటవాడి ముక్కుపుటాలు అదిరాయి. వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, సొంతబిడ్డ బావి గట్టున ఆడుతుంటే చూడలేనట్టు.

"పండు తెండి," అన్నాడు చక్రవర్తి చిరాగ్గా.

ఉదయార్కుడే పళ్ళెంలోంచి ఏరి ఒకటి అందించాడు. ఆకుపచ్చగా, రాయిలా ఉన్న పీచ్ పండు. ప్రభువు కొరికి దవడ పట్టుకున్నాడు.

"మగ్గలేదు!"

"మగ్గడమంటే ఏమిటి, ప్రభూ?" అన్నాడు ఉదయార్కుడు. నిజంగా తెలుసుకోవాలని అడిగిన పసివాడిలా తల వంచి చూశాడు.

చక్రవర్తి చేతిలోని కాయను తిప్పి తిప్పి చూస్తున్నాడు.

హేయాన్‌కు ప్రమాదం అర్థమైంది. "ప్రభువులు అలసిపోయారు. భోజనం చాలు. చేతినీళ్ళు తెండి," అంటూ విసనకర్రను ఒక్కసారి విదిల్చాడు. ఈకల చివరనుంచి సన్నటి నల్లపొగ లేచి, ఎవరి కంటికీ ఆనకుండా పాములా నేలమీద పాకి, ఉదయార్కుడి ముఖానికి చుట్టుకుంది.

కళ్ళు భగ్గుమన్నాయి. నీళ్ళు ధారగా కారాయి. నుదుట చెమట పోసింది. ఉదయార్కుడు రెప్పలు విప్పేసరికి పెదవి మీద చప్పటి బియ్యప్పిండి రుచి తగిలింది.

"మచ్చ!" అన్నాడు హేయాన్ తీయగా. "మచ్చ కరిగిపోయింది, ప్రభూ."

సేనాపతి చెయ్యి కత్తి పిడి మీదకు వెళ్ళింది. కిటికీ పక్కన జెండావాడు కర్ర పట్టు సరిచేసుకున్నాడు. పూలరేకులు తేలుతున్న వెండిగిన్నెను సేవకుడు పీఠం దగ్గరకు తెస్తున్నాడు. కింద పెరట్లో తలారి కత్తికి గుడ్డ తీశాడు.

చక్రవర్తి చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడు. ఆయన గొంతులో ఇప్పుడు ఆట లేదు.

"ఇప్పుడు నీకు మచ్చ లేదు. కనుక నువ్వు చెప్పేది వేళాకోళం కాదు. చెప్పు. నేను ముసలివాణ్ణయ్యానా?"

అవునంటే ఇక్కడ తన తల, కింద గవరయ్య తల. కాదంటే అబద్ధం, పైగా విదూషకుడి నోట రాకూడని మాట. ఉదయార్కుడు మెల్లగా కుంపటి దగ్గరకు నడిచాడు. మాడుతున్న కుండలోంచి గరిటెడు తెల్లటి గంజి చిన్న గిన్నెలోకి తీశాడు. చల్లారేదాకా ఊదాడు. పీఠం ముందు మోకరిల్లి, గిన్నె పైకెత్తి, ముఖం ముందుకు చాపాడు.

"ఆ ప్రశ్నకు మచ్చ ఉన్న ముక్కే జవాబు చెప్పాలి, ప్రభూ. మీ చేత్తోనే పెట్టండి."

చక్రవర్తి విస్తుపోయాడు. వేలు గంజిలో ముంచాడు. ముక్కు మీదకు తెచ్చాడు.

మచ్చ చెంప మీద పడింది. ఆయన వేలు మళ్ళీ ముంచాడు. ఈసారి పెదవి మీద పడింది. మూడోసారి ఎడమచేత్తో కుడిచేతి మణికట్టును పట్టుకున్నాడు. అయినా వేలి చివర గంజిబొట్టు, గాలికి ఆకు మీది మంచులా వణుకుతూనే ఉంది. చక్రవర్తి విదూషకుడి ముక్కు సంగతి మరిచిపోయి ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

"మా నాన్నగారి చెయ్యి ఇలాగే వణికేది," అన్నాడు చివరికి, ఎవరితోనూ కాదన్నట్టు. "మొదటి ముద్ద నాకే పెట్టేవారు. సగం నా గడ్డం మీద పడేది. మా ఇద్దరికీ ఒకటే నవ్వు." తలెత్తాడు. "ఆ నవ్వు ఎప్పటిది? ఎన్నేళ్ళయింది? ఎవరైనా చెప్పండి!"

చెప్పడానికి కావలసినవన్నీ నిషేధించిన మాటలే.

"ప్రభువుల చెయ్యి మలినమైంది!" అని హేయాన్ అరిచాడు. వెండిగిన్నెను సేవకుడి చేతిలోంచి లాక్కున్నాడు. "కడగండి, కడగండి!"

జెండా కర్ర లేవబోయింది. గిన్నె చక్రవర్తి చేతి వైపు దూసుకువచ్చింది. షెన్‌ఫూ చక్రవర్తి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ వేలు నోట్లో పెట్టుకుని, పసిపిల్లవాడిలా గంజి చప్పరించాడు.

"నేనింకా తింటున్నాను," అన్నాడు. "నగారా మోగించండి. ఆకలేస్తోంది. మధ్యాహ్నం అయిందని నాకు వినపడాలి."

హేయాన్ ఆగలేదు. గిన్నెలో నీళ్ళన్నీ ఎగజిమ్మాడు. చినుకులు ప్రభువు చేతి మీద పడ్డాయి. నీళ్ళు తగిలితే జెండా ఎత్తాలన్నదే జెండావాడు నేర్చుకున్న ఒకే ఒక్క పని. వాడు ఎత్తేశాడు.

ఉదయార్కుడు ఒక్క గెంతులో కిటికీ చేరాడు. తెల్ల చేతిగుడ్డ బయటికి విసిరి ఊపాడు. పైకి లేస్తున్న ఎర్రజెండాను రెండు చేతులా పట్టుకుని, దాని పట్టుగుడ్డతోపాటే కిందికి దూకాడు. జెండా నిలువునా చిరుగుతూ అతన్ని గోడవెంట మెల్లగా జార్చింది. కింద తలారి జెండాను చూశాడు. కత్తి రెండు చేతులా తలపైకి ఎత్తాడు. ఉదయార్కుడి కాళ్ళకు నేల ఇంకా అందలేదు. అరిచినా ఆ అరుపు చాలదు.

ధమ్మ్‌మ్.

నగరం అదిరింది. పచ్చపెంకుల మీంచి పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ముక్కులకు దారాలు కట్టిన కోళ్ళు గొంతుల్లోనే ఏదో గొణిగాయి. రెండో దెబ్బ పడేసరికి, గోడల మీద నిద్రపోతున్న తాపీపనివాళ్ళు తాపీలు దించి మూటల కోసం తడుముకున్నారు.

తలారి ఎత్తిన కత్తిని కొట్టకుండా దించాడు. ఎందుకు దించాడో వాడికే తెలియదు. తాతముత్తాతల నాటినుంచి చేతులకున్న అలవాటు అది. కత్తిని దిమ్మకు చేరేసి, గోడనీడన కూర్చుని, వెన్ను ఆనించి, హాయిగా నిట్టూర్చి అన్నం మూట విప్పాడు.

ఉదయార్కుడు గవరయ్య పక్కన వచ్చిపడి కట్లు విప్పసాగాడు. గవరయ్య దిమ్మ మీద పెట్టిన తల తిప్పి, ముఖాన గంజిబొట్లతో ఉన్న తన యువరాజును ఎగాదిగా చూశాడు.

"ఆ మొగమేటి బాబూ? ఎంగిలి తుడుచుకోలేదేటి? ఇంతకీ పొద్దు..." అని నాలిక కరుచుకున్నాడు.

"అను గవరయ్యా. అనవచ్చు. మిట్టమధ్యాహ్నం."

అప్పుడు దిమ్మ మీద ఒక నీడ పడింది. పైకిటికీలోంచి జారిన పొగ పెరట్లో మనిషై నిలిచింది. నగారా దెబ్బ పడినప్పుడల్లా హేయాన్ తలలో ఒక పాయ తెల్లబడుతోంది, పెళ్ళికొడుకు ముఖం మీద గీతలు దిగుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆ నిశ్శబ్దంలో దాచుకున్న వయసంతా ఒక్కసారి మీద పడుతోంది. అయినా పాడుబావి కళ్ళు మాత్రం మారలేదు. తలారి చేరేసిన కత్తిని అతను ఎత్తాడు. దాని నీలపు అంచు వెంట పొగ పాకింది.

"పక్కకు తప్పుకో, విదూషకా," అన్నాడు. "ఆ వాగుడుకాయను నాకు వదిలిపెట్టు."

ఉదయార్కుడి చేతిలో ఆయుధం లేదు, చిరిగిన ఎర్రపట్టు తప్ప. చక్రవర్తి పెట్టిన మచ్చ ముక్కు మీదకు చేరనే లేదు, చెంప మీదే ఉండిపోయింది. గవరయ్య వెనకనుంచి అతని అంగీ పట్టుకుని లాగుతున్నాడు. బురుజు మీద నగారా మాత్రం ఇంకా మోగుతూనే ఉంది.

యువరాజు లేచాడు. నడుం వంచి, ఎంతో వినయంగా నమస్కరించాడు.

"చిత్తం," అన్నాడు. అని, ఒక అడుగు ముందుకు వేశాడు.